పెద్దసారు వస్తే నిలవని బొమ్మ

ఆమె పనిచేసే చోట అందరూ ఆమెను చలిచీమ అనేవారు. అందులో వెక్కిరింపు కొంత, ముద్దు కొంత. వస్తువులను వీలైనంత చల్లబరచి చూడటం ఆమె ఉద్యోగం. ఆమెకేమో చలి పడదు. ప్రయోగశాలను ఏడాది పొడవునా ఒకే చల్లదనంలో ఉంచాలి కనుక, బయట ఎండ మాడ్చేస్తున్నా ఆమె లోపల రెండు స్వెట్టర్లు, ఉన్నిటోపీ, వేళ్లు తెగిన చేతితొడుగులు వేసుకుని కూర్చునేది. విరామం దొరికితే నడవాలోకి వెళ్లి టీ కప్పు పట్టుకునేది. తాగేది తక్కువ, చేతులు కాచుకునేది ఎక్కువ.

ఆమె నడిపే యంత్రం ఒక సూక్ష్మదర్శిని. వెలుగుతో చూసే రకం కాదు, ఎలక్ట్రాన్లతో చూసే రకం. గది నిండా స్టీలు గొట్టాలు, గుండ్రటి చిన్న కిటికీలు, లెక్కకు మించిన బోల్టులు, సగానికి పైగా భాగాలకు అల్యూమినియం రేకు చుట్టి ఉండేది. కొత్తగా చూసినవాళ్లకు, విందులో మిగిలినదంతా ఎవరో పొట్లాలు కట్టి వేలాడదీసినట్టు కనిపించేది. ఆ యంత్రానికి గాలి పడదు, దుమ్ము పడదు, వేలిముద్ర పడదు, ఎవరైనా పక్కన తలుపు గట్టిగా వేస్తే పడదు. అందుకని దాన్ని మహాతల్లి అనేవారు.

మహాతల్లి పని చేసే తీరు చాలా సున్నితం. ఎలక్ట్రాన్లను మొదట జోరుగా తరుముతారు. తీరా చూడవలసిన వస్తువు దగ్గరికి వచ్చేసరికి వాటికి బ్రేకులు వేస్తారు. చంటిపిల్ల నిద్రపోయిందో లేదో చూడటానికి వెళ్లిన తల్లిలా అవి చప్పుడు లేకుండా వెళ్లి, తాకీ తాకనట్టు తాకి వెనక్కి వస్తాయి. అలా వచ్చినవాటిని తెరమీద బొమ్మగా వేస్తారు. అంత మెత్తగా తాకుతాయి కనుకనే ఒక్క పొర మందం ఉన్న పదార్థాన్ని కూడా అవి చూపించగలవు. అంత నెమ్మదిగా వెళ్తాయి కనుకనే, ఎవరు ఊఁ అన్నా దారి తప్పుతాయి.

చలిచీమ చూడాలనుకున్నది అలాంటి ఒక్క పొరనే. పలకలాంటి నల్లటి స్ఫటికం ముక్కకు జిగురు టేపు అంటించి లాగి, మళ్లీ మడిచి లాగి, ఇక ఊడటానికి ఏమీ మిగలనంత వరకు లాగితే వచ్చిన పొర అది. ఉల్లిపొర దాని ముందు దుప్పటి కింద లెక్క. దాన్ని ద్రవ హీలియంతో చల్లబరుస్తూ పోతే, ఒక దశలో ఆ పొరలోని ఎలక్ట్రాన్లు ఇష్టం వచ్చినట్టు తిరగడం మాని వరసలు కడతాయి. కొన్ని అటు తిరిగి వరస కడితే, కొన్ని ఇటు తిరిగి కడతాయి. తెరమీద ఒక జట్టు నల్లటి మచ్చగానూ ఇంకో జట్టు తెల్లటి మచ్చగానూ కనిపిస్తాయి. ఆ మచ్చలు పుట్టడం, ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరగడం కళ్లారా చూడాలన్నది వాళ్ల ప్రయత్నం. వాళ్లంటే చలిచీమ, పంపులన్న. యంత్రంలోంచి గాలిని తోడేసే పంపులన్నీ అతని చేతికిందే ఉండేవి. పంపు చప్పుడు విని దానికి జలుబు చేసిందో అజీర్తి చేసిందో చెప్పేవాడు. సగంసార్లు తప్పు చెప్పేవాడు, అది వేరే సంగతి.

వాళ్లు ఆ బొమ్మను చూశారు కూడా. ఒకసారి కాదు, చాలాసార్లు. చూడనిది ఒక్క పెద్దసారే.

పెద్దసారు ఆ సంస్థకంతటికీ అధికారి. మహాతల్లిని తెప్పించింది ఆయనే. ఇంత మెత్తగా చూసే కన్ను, ఇంత చలిలో పనిచేసే కన్ను మనకొకటి కావాలని సగం సర్వీసు పాటు కనిపించిన వాళ్లందరి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి తెప్పించాడు. తీరా అది వచ్చి, కుదురుకుని, బొమ్మలు చూపించడం మొదలుపెట్టాక, ఆయన గదిలో అడుగు పెట్టగానే బొమ్మ జారిపోవడం మొదలైంది.

మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. తెరమీద మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. పెద్దసారు తలుపు తీసుకుని వచ్చి, "ఏదమ్మా, చూడనీ" అంటూ యంత్రం పక్కకు వచ్చాడు. మచ్చలన్నీ, పిలవని చుట్టం వస్తున్నాడని తెలిసిన ఇంటివాళ్లలా, మెల్లగా కుడివైపుకు జరిగి తెర దాటి వెళ్లిపోయాయి. ఆయన వంగి చూస్తే ఇంకా జరిగాయి. కాసేపు నిలబడి, "సరేలే, సర్దాక పిలవండి" అని వెళ్లాడు. తలుపు మూసుకునే లోపే బొమ్మ వచ్చి ఎక్కడి నుంచి వెళ్లిందో అక్కడే కూర్చుంది.

రెండోసారి అంతే. మూడోసారీ అంతే. ఆయన కుడిపక్కన నిలబడితే బొమ్మ ఎడమకు, ఎడమపక్కన నిలబడితే కుడికి.

"ఆయన కాలు మంచిది కాదు చీమమ్మా," అన్నాడు పంపులన్న.

"ఛ, ఊరుకో అన్నా. ఎవరైనా వింటే నవ్వుతారు."

"నేనేం నవ్వించడానికి చెప్పట్లేదు. మొన్న ఆయన మా పంపుల గదిలోకి తొంగి చూశాడు. మర్నాడే ఒకటి పాడైంది."

"అది ఆయన చూడకముందు నుంచే మూలుగుతోంది కదా."

"మూలగడం వేరు, పోవడం వేరు."

చలిచీమ అలాంటివి నమ్మేది కాదు. ఆయన అడుగుల బరువేమో అనుకుంది. మెత్తటి చెప్పులు తెప్పించి తలుపు దగ్గర పెట్టింది. ఆయన గొంతు కాస్త పెద్దది కనుక, మాట అదురేమో అనుకుని, గదిలో అందరూ గుసగుసగా మాట్లాడాలని కాగితం అంటించింది. పెద్దసారు మెత్తటి చెప్పులు వేసుకుని, గుసగుసగా, "ఇప్పుడు కుదిరిందా అమ్మా?" అని అడిగాడు. కుదరలేదు. పైగా అదిరితే బొమ్మ మసకబారాలి. ఇది మసకబారడం లేదు, శుభ్రంగా, తీరుబడిగా జరుగుతోంది. దగ్గర్లో ఇనుమో అయస్కాంతమో ఉంటే ఎలక్ట్రాన్లు అలా పక్కకు జరుగుతాయి. ఆ సంగతి కొలిచి చెప్పే పరికరం మరమ్మతుకు వెళ్లింది, వెళ్లినది వెళ్లినట్టే ఉంది. అందుకని ఆమె తలుపుకు ఇంకో కాగితం అంటించింది: లోహపు వస్తువులన్నీ బయట పెట్టి రావలెను.

పెద్దసారు తాళాల గుత్తి పెట్టాడు. గడియారం, ఫోను, కళ్లజోడు, పెన్ను పెట్టాడు. ఒక క్షణం ఆలోచించి ప్యాంటు బెల్టు కూడా తీసి పెట్టాడు. ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, కళ్లజోడు లేక తడుముకుంటూ, మెత్తటి చెప్పులతో వచ్చి తెర ముందు నిలబడ్డాడు. బొమ్మ జరిగిపోయింది. కళ్లజోడు లేదు కనుక ఆ సంగతి కూడా ఆయనకు వాళ్లే చెప్పవలసి వచ్చింది.

"నేను లేనప్పుడే ఎందుకు కుదురుతుందమ్మా ఇది?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదని చలిచీమకు అనిపించింది.

"రికార్డు చేసినవి ఉన్నాయి సార్. పంపించాను కదా."

"చూశాను. బాగున్నాయి. కానీ ఆ గది మాకిచ్చెయ్యండని పక్క విభాగం వాళ్లు కూర్చున్నారు. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో అడుగుతారు, మీ కళ్లతో చూశారా అని. చూడకుండా చూశానని ఎలా చెప్పను?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అందరికీ ఉన్న నమ్మకం అది. ఆయనకు ఇంకో సంగతిలో కూడా మంచి పేరుంది. మూఢనమ్మకాల మీద, దొంగ వైద్యాల మీద ఊరంతా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. రంగురాళ్లు, రాగి కడియాలు, అయస్కాంతం పట్టీలు, అన్నిటినీ బల్లమీద వరసగా పెట్టి ఒక్కొక్కటే ఉతికి ఆరేసేవాడు. అలాంటి మనిషి ఆ తరువాత వారం తలుపు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, ఎడమ కాలు వెనక్కి తీసుకుని కుడికాలు ముందు పెట్టి లోపలికి రావడం చలిచీమ చూసింది. చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. పంపులన్న మాత్రం తల తిప్పుకోలేదు. "చూశావా, ఆయనకే తెలిసిపోయింది," అన్నాడు చెవిలో.

కుడికాలితో వచ్చినా బొమ్మ జరిగింది.

కమిటీ ఇంకా కొద్దిరోజుల్లో ఉందనగా, చలిచీమ అత్తగారు వచ్చింది. కోడలు పొద్దున్నే హడావుడిగా బయలుదేరి, భోజనం డబ్బా వంటగది గట్టుమీదే మరిచిపోయింది. అత్తగారు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఖాళీగా కూర్చోవడం ఆమెకు చేతకాదు. డబ్బా దొరికిందే సందు అని చీర మార్చుకుని, బస్సెక్కి, గేటు దగ్గర కాపలావాణ్ణి నాలుగు ప్రశ్నలు తనే అడిగి, నేరుగా ప్రయోగశాలలోకి వచ్చేసింది.

ఆ వేళ మచ్చలు ఎన్నడూ లేనంత బాగా వచ్చాయి. పంపులన్న కూడా పంపులు వదిలేసి వచ్చి చూస్తున్నాడు. ఇద్దరూ తెరకు ముక్కు ఆనించి చూస్తుండగా, మచ్చలన్నీ మెల్లగా, తీరుబడిగా, ఎడమవైపుకు జరగడం మొదలుపెట్టాయి.

"సార్, రండి," అన్నాడు పంపులన్న వెనక్కి తిరక్కుండానే.

"సారెవరు నాయనా? నేను. అమ్మాయ్, డబ్బా మరిచిపోయావు."

చలిచీమ వెనక్కి తిరిగింది. అత్తగారిని చూసింది. తెర చూసింది.

"అత్తయ్యా, ఒకసారి బయటికి వెళ్తారా?"

"ఇప్పుడే కదే వచ్చాను."

"తలుపు దాకా వెళ్లి రండి. చెప్తాను."

అత్తగారు తలుపు దాకా వెళ్లింది. మచ్చలు వెనక్కి వచ్చాయి. రమ్మంటే వచ్చింది, మచ్చలు వెళ్లిపోయాయి. ఇలా నాలుగుసార్లు తిప్పాక ఆమె భోజనం డబ్బా బల్లమీద పెట్టి, "నన్ను ఆడిస్తున్నావా, పరీక్ష చేస్తున్నావా? నడుం నొప్పి మనిషిని," అంది.

చలిచీమ మెదడులో ఏదో చటుక్కున వెలిగింది. "అత్తయ్యా, నడుముకి ఆ బెల్టు పెట్టుకున్నారా?"

"పెట్టుకోకుండా బస్సెక్కగలనా?" అంటూ ఆమె పైట సర్ది, నడుము మీద చిన్నగా తట్టి చూపించింది. "అయస్కాంతం బిళ్లలది. మొన్న వంటింట్లో టీ జల్లెడ దీనికి అంటుకుపోతే నువ్వే కదా పీకావు."

చలిచీమ పంపులన్న వైపు చూసింది. పంపులన్న చలిచీమ వైపు చూశాడు. ఇద్దరి బుర్రల్లోకీ ఒకే ఆలోచన వచ్చింది, ఇద్దరికీ అది నోటితో అనే ధైర్యం రాలేదు. అయస్కాంతం పట్టీల గుట్టు ఊరూరా విప్పిన మనిషి నడుముకి అయస్కాంతం పట్టీ.

"అందుకేనా ఆయన కుర్చీలో అలా కర్ర మింగినట్టు కూర్చుంటాడు," అన్నాడు పంపులన్న చివరికి.

"ఎవరు?" అంది అత్తగారు.

చెప్పారు. చెప్పకపోతే ఆమె వదిలేది కాదు. అంతా విని ఆమె నవ్వలేదు. "పాపం," అంది. "నొప్పి ఎక్కువగా ఉందేమో."

"ఆయనకి చెప్పడమెలా అత్తయ్యా? మీ నడుముకి ఏముంది సార్ అని అడగ్గలనా నేను?"

"నువ్వు అడక్కూడదు. నీ ఉద్యోగం. అతను అసలే అడక్కూడదు, నవ్వేస్తాడు."

"నేనేం నవ్వను," అన్నాడు పంపులన్న, అప్పటికే నవ్వుతూ.

పిల్లి మెడలో గంట కట్టే పని ఎవరిదని వాళ్లు తర్జనభర్జన పడుతుండగానే అత్తగారు నడవాలోకి వెళ్లి బెంచీమీద కూర్చుంది. పెద్దసారు రోజూ ఆ వేళకు అటు వస్తాడని వాళ్ల మాటల్లో విన్నది. ఆయన వచ్చాడు. తాళాలు, గడియారం, కళ్లజోడు అన్నీ తీసి పెట్టుకునేందుకు అదే బెంచీమీద, వీపు వంచకుండా, నిటారుగా దిగాడు. తలుపు సందులోంచి కోడలూ పంపులన్నా చూస్తున్నారు.

అత్తగారు టికెట్టు లేని ప్రయాణికుల పక్కన ఎంతోకాలం కూర్చున్న మనిషి. ఎవరినీ బెదిరించి టికెట్టు అడిగేది కాదు. పక్కన చేరి మామూలు మాటల్లోనే అడిగేది.

"నమస్కారం అన్నయ్యగారూ. మా కోడలు ఇక్కడే పని చేస్తుంది. మీది పన్నెండు బిళ్లలదా, పదహారు బిళ్లలదా?"

పెద్దసారు కళ్లజోడు తీయబోతున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టయింది. నడవా అటు చివర చూశాడు, ఇటు చివర చూశాడు.

"ఇరవై," అన్నాడు మెల్లగా.

"అబ్బో. నాది పన్నెండే. ఇరవైది బరువుండదూ?"

"ఉంటుందమ్మా. ఎండకి దురద కూడా." నడుము సర్దుకుని, "మీకెలా తెలిసింది?" అన్నాడు.

"కూర్చోవడంలో తెలిసింది. ముందు తొడల మీద చేతులు పెట్టుకుంటాం, తరువాత దిగుతాం. నేనూ అంతే."

ఆయన నేల చూపులు చూశాడు. "మా ఆవిడ కొనిపెట్టింది. వద్దన్నాను. ఒక్కరోజు పెట్టుకుని చూడండి అంది. పెట్టుకున్నాను. తగ్గినట్టనిపించింది. లోకానికంతా బూటకమని చెప్పినవాణ్ణి, తగ్గిందని ఎవరితో చెప్పుకోను? తగ్గలేదని నాకు నేను చెప్పుకుందామంటే, తీసేస్తే లేవలేకపోతున్నాను."

"బూటకమే అన్నయ్యగారూ. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ నడుముకి తెలీదు కదా."

పెద్దసారు ఆ మాటకు మొదట తెల్లబోయాడు. తరువాత నవ్వాడు. నవ్వితే నడుము పట్టేసి, ఒక చేత్తో బెంచీ పట్టుకున్నాడు. అప్పుడు అత్తగారు అసలు సంగతి చెప్పింది. తాను వస్తే బొమ్మ ఎటు జరిగిందో, వెళ్తే ఎలా తిరిగొచ్చిందో చేత్తో చూపిస్తూ చెప్పింది. వినేకొద్దీ ఆయన మొహం మారింది. సిగ్గు కొంత ఉంది కానీ, దానికంటే పెద్దది వేరే ఉంది. ఇన్నాళ్లూ తన కాలే మంచిది కాదేమో అని లోలోపల కుళ్లిపోయిన మనిషికి, తప్పు కాలిది కాదు నడుముది అని తెలిసింది.

"ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూశారా," అన్నాడు. "నేనే ఇలాంటివి పాఠాలు చెప్పాను."

బెల్టు విప్పడానికి ఆయన పక్కనున్న సామాన్ల గదిలోకి వెళ్లాడు. కాసేపటికి లోపలి నుంచి ధన్‌మని పెద్ద చప్పుడైంది. పంపులన్న పరుగెత్తాడు. పెద్దసారుకు ఏమీ కాలేదు. విప్పిన బెల్టు ఆయన చేతిలోంచి లేచి ఇనప బీరువా తలుపుకు అతుక్కుపోయింది, అంతే. ఇరవై బిళ్లలూ వరసగా, బల్లిలా కరుచుకుని ఉన్నాయి. పంపులన్న ఒక కొస, పెద్దసారు ఇంకో కొస పట్టుకుని లాగారు. బెల్టు రాలేదు, బీరువా తలుపు ఊడివచ్చింది.

"ఉండనీవయ్యా," అన్నాడు పెద్దసారు ఆయాసపడుతూ. "యంత్రానికి దూరంగా ఉంది, అదే పదివేలు."

"సార్, అంటే అన్నానంటారు గానీ, నేను మీ కాలు అనుకున్నాను," అన్నాడు పంపులన్న.

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు పెద్దసారు.

ఆయన వంగిపోయి, ఒక చెయ్యి పంపులన్న భుజం మీద వేసి, మెత్తటి చెప్పులతో లోపలికి వచ్చాడు. ఏ కాలు ముందు పెట్టాడో ఎవరూ చూడలేదు. చలిచీమ హీలియం గొట్టం సరిచూసి, నమూనాను మళ్లీ మెల్లగా చల్లబరచడం మొదలుపెట్టింది. తెరంతా బూడిదరంగులో చదునుగా ఉంది. పెద్దసారు కళ్లజోడు పెట్టుకున్నాడు. పెట్టుకోవచ్చని చలిచీమే చెప్పింది, దాని చట్రం ప్లాస్టిక్కేనట, ఎవరూ ముందు చూడలేదు.

కాసేపు ఏమీ జరగలేదు. తరువాత ఒక మూల ఆవగింజంత తెల్లటి చుక్క పుట్టింది. దాని పక్కన నల్లటిది. అవి పెరిగాయి. ఇంకో రెండు పుట్టాయి. ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి, సర్దుకున్నాయి, మధ్యలో సన్నటి గీత నిలిచింది. బొమ్మ కదల్లేదు. పెద్దసారు కుడికి వంగి చూశాడు, ఎడమకు వంగి చూశాడు. వేలెత్తి గీతను చూపిస్తూ, వేలిని అలాగే గాలిలో ఉంచేశాడు. చలిచీమ ఈ బొమ్మను ఎన్నోసార్లు చూసింది కానీ, ఇంకొకరు చూస్తుండగా చూడటం ఆమెకు కొత్తగా ఉంది. చేతితొడుగులు తీసేసి ఉన్నానని కూడా ఆమె గమనించుకోలేదు.

అత్తగారు కూడా తన బెల్టు నడవాలో విప్పేసి వచ్చింది. కోడలి భుజం మీదుగా తెరవైపు తేరిపార చూసింది.

"ఇంతేనా? గోడకి చెమ్మ పట్టినట్టుంది."

చలిచీమ నాలుక కరుచుకుంది. పెద్దసారు తెరమీది నుంచి కళ్లు తిప్పకుండానే, "అవునమ్మా," అన్నాడు. "సరిగ్గా చెమ్మలాగే పాకుతుంది. ఎందుకలా పాకుతుందో ఎవరికీ పూర్తిగా తెలీదు."

"మా వంటింటి గోడా అంతే. మేస్త్రీకి కూడా తెలీలేదు," అంది అత్తగారు. ఆమెకు ఆ శాస్త్రం అప్పటినుంచి కాస్త దగ్గరదనిపించింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

హీలియం అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు. వెచ్చబడే కొద్దీ మచ్చలు పలచబడి, మళ్లీ తెరంతా బూడిదరంగైంది. అప్పుడు పెద్దసారు నిటారుగా లేవబోయాడు. సగం దాకా లేచి ఆగిపోయాడు. అటు లేవలేడు, ఇటు వంగలేడు. పంపులన్న చక్రాల కుర్చీ లాంటిది ఏమీ దొరక్క, హీలియం డబ్బాలు మోసే బండి తెచ్చాడు. దాని మీద ఆయన్ని నిలబెట్టి, అత్తగారు పక్కన నడుస్తూ, ఆయన గది దాకా తోసుకెళ్లారు. దారిలో ఎదురైన వాళ్లకు ఆయన తలాడిస్తూనే వెళ్లాడు. ఆయన మొహంలో వెలుగు చూసి ఎవరూ ఏమైందని అడగలేదు.

కమిటీలో ఆయన, "నా కళ్లతో చూశాను," అన్నాడు. గది మహాతల్లికే ఉండిపోయింది. ఆ తరువాతి ఉపన్యాసంలో బల్లమీద రంగురాళ్ల పక్కన తన బెల్టు కూడా పెట్టి, జరిగిందంతా చెప్పాడు. ఇది ఎలక్ట్రాన్లను లాగుతుంది, అది రుజువైంది, నొప్పిని లాగుతుందని మాత్రం రుజువు లేదు అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ప్రశ్నలు అడగమంటే ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, ఆ బెల్టు ఏ కొట్లో దొరుకుతుందండీ అని అడిగాడు.

నడుముకి చివరికి వైద్యుడు చెప్పిన వ్యాయామాలే పనిచేశాయి. పెద్దసారు ఒక్కడే చెయ్యడానికి బద్ధకించేవాడు. అందుకని వారంలో కొన్ని సాయంత్రాలు ఆయనా, ఆయన భార్యా, చలిచీమ అత్తగారూ సంస్థ ఆవరణలోని గడ్డిలో చాపలు పరుచుకుని పడుకునేవారు. అత్తగారు విజిల్ ఊదితే ముగ్గురూ కాళ్లు పైకెత్తేవారు. చలిచీమ పని ముగించుకుని, స్వెట్టర్లు విప్పి చేతిమీద వేసుకుని, ఎండ తగిలే చోటు చూసుకుని గట్టుమీద కూర్చునేది. ఇంటికి కలిసే వెళ్లాలి కానీ, అత్తగారు ఎంతసేపటికి లేస్తుందో తెలిసేది కాదు.